లినక్స్ అప్‌గ్రేడ్ చేశాక మెనూలో విండోస్ మాయం

ప్రశ్న: నిన్న రాత్రి లినక్స్ అప్‌గ్రేడ్ చేశాను, ఇప్పుడు ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే నేరుగా లినక్స్‌లోకే వెళ్తోంది, మెనూలో విండోస్ పేరే లేదు. ప్రాజెక్ట్ ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి, చాలా టెన్షన్‌గా ఉంది. ఫార్మాట్ చేయాల్సిందేనా?

జవాబు: ఫార్మాట్ జోలికి అస్సలు వెళ్లొద్దు బ్రో! ఆన్ అవుతుండగా బూట్ మెనూ కీ నొక్కి (చాలావాటిలో ఎఫ్12 లేదా ఎఫ్9) విండోస్ బూట్ మేనేజర్ ఎంచుకో. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే ఎన్‌క్రిప్షన్ లాక్) ఉంటే రికవరీ కీ దగ్గర పెట్టుకో, అడగొచ్చు.

ఇంకో జవాబు: ఆన్ చేయగానే ఓఎస్ మెనూ చూపించే ప్రోగ్రామ్ గ్రబ్. దాని 2.06 వెర్షన్ నుంచి వేరే ఓఎస్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్ డిఫాల్ట్‌గా ఆగి ఉంటుంది, డెబియన్ 12 అనే లినక్స్‌లో కూడా అంతే. గ్రబ్ సెట్టింగ్స్ ఫైల్లో ఓఎస్ ప్రోబర్‌ను డిసేబుల్ చేసే లైన్‌కి ‘ఫాల్స్’ పెట్టి, టెర్మినల్‌లో సుడో అప్‌డేట్-గ్రబ్ కొట్టండి.

అడిగినవారు: ఎఫ్12తో విండోస్ తెరుచుకుంది, ఫైళ్లన్నీ ఉన్నాయి! గ్రబ్ కూడా సరిచేశాను, మెనూలో రెండూ కనిపిస్తున్నాయి. ఇద్దరికీ చాలా థ్యాంక్స్.