మందు మగతలో ఉన్న అమ్మకు నామస్మరణ ఎలా?

మాది మల్కాజ్‌గిరి. అమ్మకు 74 ఏళ్లు, క్యాన్సర్. ఇంటికి తీసుకెళ్లమన్నారు. నొప్పికి ఇచ్చే మార్ఫిన్ వల్ల మగతగా ఉంటుంది. మెలకువ వస్తే ఒకటే బెంగ: "పోయేటప్పుడు కృష్ణా అనలేకపోతే ఎట్లరా?" అంత్యకాలంలో నన్ను తలచినవాడు నన్నే చేరతాడని గీత 8వ అధ్యాయంలో ఉంది కదా. ఆ భయంతో నిన్న మందే వద్దంది. ఆ నొప్పి చూడలేకపోయాను.

గుడిలో ఒక పెద్దాయన వరాహ చరమ శ్లోకం చెప్పారు. బాగున్నప్పుడు నన్ను తలచిన భక్తుడు చివర్లో కట్టెలా, రాయిలా పడి ఉంటే నేనే అతణ్ని తలచుకుంటానని స్వామి మాట. నాకు కన్నీళ్లొచ్చాయి.

చావు మాట ఎత్తొద్దని అన్నయ్య అంటాడు. కానీ ఎత్తుతున్నది అమ్మే. ఈ శ్లోకం ఆమెకు ఎలా చెప్పను? మీ పెద్దవాళ్లతో మీరేం మాట్లాడారు? దయచేసి చెప్పండి.