హేచరీ పిల్లల్లో సగం పుంజులే: పెట్టలతో కలిపి ఉంచాలా, విడదీయాలా?

నాగోల్ పెరడు:
లింగం చూడకుండా ఇచ్చిన 24 వనరాజా రకం కోడిపిల్లలు. ఇప్పుడు తొమ్మిదో వారం. తురాయి ఎర్రబడినవి లెక్కేస్తే 11 పుంజులు, 13 పెట్టలు. వీటితో పాటు లేయర్ దాణా (గుడ్లు పెట్టే కోళ్ల మేత) తినే నాలుగు పెద్ద పెట్టలు ఉన్నాయి. గూడు 40 చదరపు అడుగులు, తిరగడానికి మరో 200. కలిపే ఉంచమని కొందరు, వెంటనే విడదీయమని కొందరు అంటున్నారు. ఎందుకో కూడా చెప్పండి.

గంపకింద:
ఈ వారమే విడదీయండి. ముందు దాణా సంగతి. లేయర్ దాణాలో కాల్షియం మూడున్నర నుంచి 4 శాతం ఉంటుంది. పెరిగే పిల్లకు 1 శాతం చాలు. మిగిలినదంతా మూత్రపిండాల మీద పడుతుంది. అవి దెబ్బతింటే యూరిక్ ఆమ్లం బయటికి పోక లోపలి అవయవాల మీద సుద్దలా పేరుకుంటుంది. రెట్ట తెల్లగా నీళ్లలా వస్తుంది, కోడి ముడుచుకుని కూర్చుంటుంది, ఒకరోజు చచ్చి కనిపిస్తుంది. జనం దాన్ని తెగులు అనుకుంటారు. గుడ్డుకు రాని పెట్టపిల్లలకూ ఇదే ముప్పు.

శామీర్‌పేట తోట:
అన్నా, దాణా కోసమైతే గోడ కట్టాల్సిన పని లేదు. అన్నిటికీ గ్రోయర్ దాణానే (పెరిగే పిల్లల మేత) పెట్టుండ్రి. కాల్షియం కోసం షెల్ గ్రిట్ (ఆల్చిప్పల నూక) వేరే గిన్నెల ఉంచుండ్రి. గుడ్డు పెట్టే కోడి తనకు కావాల్సినంత అదే తింటది, పుంజు ఒకటి రెండు పలుకులు పొడిచి వదిలేస్తది. పెద్ద పెట్టల నడుమ పెరిగిన పుంజు అణిగి ఉంటది. ఒక్కటే పెరిగినది పొగరుగ తయారైతది. 16 వారాల దాకా కలిపే ఉంచొచ్చు.

గంపకింద:
షెల్ గ్రిట్ మాట ఒప్పుకుంటున్నా, అది సరైన పద్ధతే. 16 వారాలు మాత్రం ఒప్పుకోను. పుంజుపిల్ల నాలుగో నెలకే మీదెక్కడం మొదలుపెడుతుంది. పెట్టపిల్ల ఐదున్నర, ఆరు నెలలకు గానీ గుడ్డుకు రాదు. ఆ మధ్య కాలమే ప్రమాదం. పెట్టపిల్లలు తప్పించుకోవడానికి దండెం మీదే ఉండిపోతాయి, దిగి తినవు. బరువు తగ్గుతాయి, గుడ్డు ఆలస్యమవుతుంది. పెద్ద పెట్టలకు వీపు మీద ఈకలు ఊడి చర్మం కనిపిస్తుంది, గోళ్లు తగిలి పక్కలు చీలుతాయి. ఒక పుంజుకు 8 నుంచి 10 పెట్టలు ఉండాలి. ఇక్కడ 11 పుంజులకు 17 పెట్టలు. అణకువ నేర్పడానికి నాలుగు పెద్ద పెట్టలు ఎటూ చాలవు.

శామీర్‌పేట తోట:
లెక్క నిజమే. 11 ఎక్కువే. గని విడదీసినంక పుంజులు ఒకదాన్నొకటి పొడుచుకుంటే?

గంపకింద:
పిల్లప్పటి నుంచి కలిసి పెరిగిన పుంజులు తమకు పెట్టలు కళ్లపడనంత వరకు పెద్దగా కొట్టుకోవు. అందుకే మధ్యలో జాలీ ఒక్కటే చాలదు. కింద రెండున్నర అడుగులు రేకో తడికో కట్టి, పైన అరంగుళం వెల్డ్ మెష్ వేయండి. పందికొక్కు, పిల్లి రెంటికీ అదే అడ్డు. పుంజుకు గూట్లో మూడు చదరపు అడుగులు, దాణా గిన్నెలు రెండు, నీళ్ల డబ్బాలు రెండు. మరో జాగ్రత్త: ఒక పుంజును రెండు మూడు రోజులు బయటకు తీసి మళ్లీ గుంపులో వదలకండి. మొత్తం పెత్తనం మళ్లీ మొదటి నుంచి తేల్చుకుంటాయి, రక్తాలు కారతాయి. తీస్తే పూర్తిగా తీసేయాలి. అసీల్ (పందెం కోడి జాతి) రక్తం ఉన్నవైతే కలిపి ఉంచే ఆలోచనే వద్దు, అవి మూడో నెలకే పోట్లాటకు దిగుతాయి.

టీకా డబ్బా:
అసలు మీకు పుంజు ఎందుకు? గుడ్డుకు పుంజు అక్కర్లేదు. పిల్లల కోసమంటారా, వనరాజా, గ్రామప్రియ రెండూ రాజేంద్రనగర్‌ కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన సంకర రకాలు. వాటి గుడ్లు పొదిగిస్తే పిల్లలు తల్లిదండ్రుల్లా రావు, బరువూ గుడ్లూ రెండూ తగ్గుతాయి. కాబట్టి మూడో నెల దాటాక 11 పుంజులనూ కూరకే తీసేయండి, కొత్త పిల్లలు హేచరీ నుంచే తెచ్చుకోండి. నా పట్టు ఇదే.

ఇంకో ముఖ్యమైన మాట, ఎవరూ అడగలేదు. ఎనిమిదో వారం దాటింది, ఆర్2బి టీకా వేయించారా? కొక్కెర తెగులుకు 5 నుంచి 7 రోజుల్లో లసోటా టీకా కంటిచుక్క, 28వ రోజు మళ్లీ లసోటా, 8 వారాలకు ఆర్2బి సూది, కోడికి అర మిల్లీలీటరు. వయల్ 100 డోసులదో 200 డోసులదో వస్తుంది, కలిపాక గంట రెండు గంటల్లో వాడేయాలి. మీకు 24 పిల్లలే కాబట్టి వీధిలో కోళ్లున్న వాళ్లందరినీ ఒకే రోజు పిలవండి. ఐస్ లేకుండా తెచ్చిన టీకా వేసినా వేయనట్టే.

నాగోల్ పెరడు:
లసోటా రెండుసార్లూ అయింది, ఆర్2బి కాలేదు. ఈ ఆదివారం వేయిస్తాను. వేయించగానే అదే రోజు పుంజులను విడదీయొచ్చా?

టీకా డబ్బా:
వద్దండీ. సూది, చోటు మార్పు రెండూ ఒకేరోజు పడితే కోడి కుంగిపోతుంది. ముందు టీకా, వారం ఆగి విడదీయండి. ఆ వారం గ్రోయర్ దాణా, షెల్ గ్రిట్‌కు మారిపోండి. పుంజుల వైపు వరి పొట్టు రెండు అంగుళాలు పొడిగా పరచండి, తడిస్తే రక్త పారుడు వస్తుంది. రెట్టలో రక్తం కనిపిస్తే 20 శాతం ఆంప్రోలియం పొడి లీటరు నీళ్లకు 1.2 గ్రాములు, 5 రోజులు. ఆ రోజుల్లో వేరే నీళ్లు అందకూడదు.

శామీర్‌పేట తోట:
విడదీసిన గూడు పక్కింటి పడకగది కిటికీకి దూరంగ పెట్టుండ్రి. నాలుగో నెల నుంచి తెల్లారక ముందే కూత మొదలైతది.