సమస్యాపూరణం: "చెవులు మూసిన వారికే చెవుల విందు"

పృచ్ఛకుఁడు:

ఈ వారం సమస్య:

*చెవులు మూసిన వారికే చెవుల విందు*

ఇది ఆఖరి పాదంగా వచ్చేలా పైన మూడు పాదాలు రాసి పద్యం నింపాలి. తేటగీతి పాదం. గణాలు (గురులఘువుల గుంపులు): చెవులు (న) – మూసిన (భ) – వారికే (ర) – చెవుల (న) – విందు (హ). యతి, అంటే పాదం మొదటి అక్షరంతో కలవాల్సినది, నాలుగో గణం మొదటి అక్షరం, 'చె–చె'. ప్రాస నియమం లేదు, ప్రాసయతి చెల్లుతుంది.

విషయానికి ఒక హద్దు పెడుతున్నాను. డప్పు, కిన్నెర, జముకు, బుర్రకథ తంబుర వంటి మన వాద్యాలను గిటారుతోనో కాహోన్ అనే పెట్టె వాద్యంతోనో కలిపి చిన్న వేదికల మీద పాడే స్వతంత్ర జానపద గానం ఉంది కదా, పూరణ దాని చుట్టూ తిరగాలి. వేదాంతం వద్దు. "లోకం మాటలకు చెవులు మూసి అంతరంగ నాదం విన్నవాడు" అన్న పూరణ పంపబోయేవారు దయచేసి ఆగండి, అది ఇప్పటికే నలభై సమస్యలకు సరిపోయింది. పద్యం కింద వేదిక మీది సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. ఆ సంగతి తప్పైతే పద్యం ఎంత బాగున్నా మార్కులు లేవు.

సిర్రపుల్ల:

*డప్పు దరువులు పదికూడి ఢమఢమనఁగ*
*వేదికకు దాపు నిలిచిన వేళయందు*
*నురుగు బిరడాలు లోనికి నొక్కి పెట్టి*
*చెవులు మూసిన వారికే చెవుల విందు*

నురుగు బిరడాలంటే ఫోమ్ ఇయర్‌ప్లగ్‌లు. అమెరికాలో వృత్తి ఆరోగ్యాన్ని చూసే ఎన్ఐఓఎస్‌హెచ్ లెక్క ప్రకారం 85 డెసిబెల్ శబ్దంలో 8 గంటలు ఉండవచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్‌లకూ ఆ సమయం సగమవుతుంది: 88కి 4 గంటలు, 91కి 2, 94కి 1, 97కి అరగంట, 100కి 15 నిమిషాలు. డప్పుల వరుసకు ఎదురుగా నిలబడి రెండు గంటల కార్యక్రమం వినేవారు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

యతిమిత్ర:

సిర్రపుల్ల గారూ, పూరణ నిర్దుష్టం. డ–ఢ, వే–వే, ను–నొ మూడు యతులూ సరిపోయాయి. 'ఢమఢమనఁగ' రెండు నగణాలుగా పడడం ముచ్చటగా ఉంది, దరువు నడకే వినిపించింది. 'బిరడా'ను వీణ నుంచి చెవికి తెచ్చారు, తప్పు లేదు. సీసా బిరడా కూడా ఉంది కదా.

మిక్సరుబల్ల:

పద్యం మీద నాకు మాట లేదు. 'నొక్కి పెట్టి' అన్న చోటే సగం మంది తప్పు చేస్తారు. నొక్కితే లోపలికి పోదు. ముందు బిరడాను వేళ్ల మధ్య సన్నని పుల్లలా నలపాలి. రెండో చేతిని తల వెనుక నుంచి తెచ్చి చెవి డొప్పను పైకి, వెనక్కి లాగితే నాళం తిన్నగా అవుతుంది. అప్పుడు దూర్చి, 20 నుంచి 30 సెకన్లు వేలితో అలాగే పట్టి ఉంచాలి. మెల్లగా ఉబ్బి బిగుసుకుంటుంది. సగం బయటికి కనిపిస్తుంటే పెట్టుకోనట్టే లెక్క. దూది ఉండలతో పని జరగదు, శబ్దం దాని గుండా దర్జాగా వెళ్లిపోతుంది.

ఇంకొకటి. నురుగు బిరడా సన్నని శబ్దాలను ఎక్కువగా, లావు శబ్దాలను తక్కువగా కోస్తుంది. అంటే డప్పు మీద ఎడమ చేతి చిటికెన పుల్ల చిటపట, జముకు నరం గీర, పాటలో 'స', 'శ'లు మాయమై కుడిచేతి పుల్ల సిర్ర మోత మాత్రం మిగులుతుంది. అలా మిగిలినదాన్ని 'విందు' అనడం కష్టం. విందు కావాలంటే వడపోత ఉన్న సంగీతకారుల బిరడాలు వాడాలి. అవి సన్నని, లావు శబ్దాలను దాదాపు సమానంగా తగ్గిస్తాయి. 9, 15, 25 డెసిబెల్ రకాలు దొరుకుతాయి. వినేవారికి 15 చాలు. డప్పు వాయించేవారికి 25 కావాలి.

సిర్రపుల్ల:

ఒప్పుకుంటాను. 'నురుగు'ను మారిస్తే యతి చెడుతుంది కాబట్టి పద్యంలో నురుగే ఉండనివ్వండి, చెవిలో వడపోత పెట్టుకుందాం.

నాలుగోవరుస:

*ఒక్క చేతిని చెంపపై నొత్తి పట్టి*
*గొంతు పైస్థాయి నందగఁ గోరు వేళ*
*స్పీకరుల హోరులోఁ దన శృతిని వినఁగ*
*చెవులు మూసిన వారికే చెవుల విందు*

గాయకులు చెవి దగ్గర చెయ్యి పెట్టుకునే తీరును వాడుకున్నాను. చెవి మూస్తే తన గొంతు ఎముకల గుండా లోపలి నుంచే గట్టిగా వినబడుతుంది.

యతిమిత్ర:

నాలుగోవరుస గారూ, ఊహ చాలా బాగుంది, ఇంతవరకు వచ్చినవాటిలో సమస్యకు అందమైన విరుపు ఇదే. మూడో పాదంలో మాత్రం రెండు చిక్కులున్నాయి.

ఒకటి యతి. స్పీక – రులహోరు – లోఁదన – శృతిని – వినఁగ: గణాలు సరే. యతి స్పీ–శృ అనుకున్నారు. స–శ మైత్రి ఉంది, ఈ–ఋ మైత్రి ఉంది, కనుక కుదిరినట్టే కనిపిస్తుంది. కాని అసలు మాట 'శ్రుతి'. 'శ్రు' ధాతువు, వినడం అని అర్థం. అక్కడ ఉన్నది ఉకారం, ఋకారం కాదు. పత్రికలు, కచేరీ బ్యానర్లు అన్నీ 'శృతి' అని రాసి మనల్ని పాడు చేశాయి. సరిగా రాస్తే స్పీ–శ్రు యతిభంగం.

రెండోది: 'తన' అని ఏకవచనం వేసి 'వారికే' అని ముగించారు. 'తమ' కావాలి.

నాలుగోవరుస:

ధన్యవాదాలు. సవరణ:

*స్పీకరుల హోరులో శ్రుతి చెదరనీక*

యతిమిత్ర:

భేష్. స్పీ–చె యతి చెల్లింది, శ్రుతి నిలిచింది, 'తన' గొడవా పోయింది. 'లో శ్రుతి' భగణం. 'లో' ఎలాగూ గురువే, వెనుక సంయుక్తం వచ్చినా తేడా లేదు.

తీగమీటు:

ఒక ఆక్షేపణ. ఒక్క చేతితో ఒక్క చెవే మూయగలరు. సమస్యలో 'చెవులు' బహువచనం.

నాలుగోవరుస:

'వారికే' కూడా బహువచనమే కదండీ. నలుగురు గాయకులు, నాలుగు చేతులు, నాలుగు చెవులు!

తీగమీటు:

గెలిచారు. అయితే ఈ చెయ్యి ఎవరికి ఖాళీగా ఉంటుందో కూడా చూడాలి. డప్పు వాయిస్తూ పాడేవారికి కుడిచేత సిర్ర, ఎడమచేత చిటికెన పుల్ల. బుర్రకథ చెప్పే ప్రధాన కథకుడికి భుజాన తంబుర, వేళ్లకు అందెలు. వంతలిద్దరి చేతులూ గుమ్మెటల మీద. చెయ్యి చెవికి చేర్చడం వాద్యం లేని గాయకుడికే కుదురుతుంది. మిగతావారికి, తమ పాటను తమకే వినిపించే ఎదుటి మానిటర్ స్పీకరే చెవి. దాన్ని ఎక్కడ పెట్టాలన్నది మైకు రకాన్ని బట్టి ఉంటుంది. కార్డియాయిడ్ మైకు సరిగ్గా వెనుక వైపు చెవిటిది, కాబట్టి మానిటర్ దాని తోకకు ఎదురుగా ఉండాలి. సూపర్‌కార్డియాయిడ్ అయితే తోక వైపు కొంచెం వింటుంది. దాని చెవిటి కోణం ముందు నుంచి సుమారు 126 డిగ్రీల దగ్గర, అంటే వెనుక పక్కగా. మైకు మార్చి మానిటర్ జరపకపోతే స్పీకరు శబ్దం మళ్లీ మైకులో పడి కూత (ఫీడ్‌బ్యాక్) మొదలవుతుంది.

ఒక చెవికి మాత్రమే ఇన్‌ఇయర్ (చెవిలో దూర్చుకునే మానిటర్) పెట్టుకునే అలవాటు ఇంకా చెడ్డది. రెండో చెవిలో వేదిక మోత అంతా పడుతుంటే, పెట్టుకున్న చెవిలో వాల్యూము పెంచుకుంటూ పోతారు. పెడితే రెండూ పెట్టాలి.

మిక్సరుబల్ల:

*మైకు లెనిమిది వేదిక మధ్య నుండ*
*వినెడు చెవు లవి. పలుకని వేళఁ దెలిసి*
*బొత్తముల నొక్కి హోరును బోవఁజేసి*
*చెవులు మూసిన వారికే చెవుల విందు*

ఇక్కడ మూసినవి మనుషుల చెవులు కావు, మైకుల చెవులు. తెరిచి ఉన్న మైకుల సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ, కూత రాకుండా పెంచగలిగే శబ్దం 3 డెసిబెల్ తగ్గుతుంది. ఎనిమిది మైకులు తెరిచి ఉండగా పాడుతున్నది ఇద్దరే అయితే, ఆరు మూయగానే 6 డెసిబెల్ చేతికి వస్తుంది. పెద్ద స్పీకర్లు తెచ్చినా ఆ లాభం రాదు.

యతిమిత్ర:

మై–మ, వి–వే, బొ–బో. ఛందస్సుకు వంక లేదు. రెండో పాదంలో 'చెవు లవి' అని ముందే చెప్పడం వల్ల నాలుగో పాదంలో అన్వయం నిలిచింది. అది లేకుంటే 'మైకుల చెవులు' అని పాఠకుడు ఊహించుకోవాల్సి వచ్చేది. ఈ వారం నా ఓటు దీనికే.

సిర్రపుల్ల:

'మైకు చెవి మూయడం' అన్నమాట చదివి గాయకులు గుప్పిట్లో మైకు తల బిగిస్తారేమో! చూడడానికి బాగుంటుందని చాలామంది అలాగే పట్టుకుంటారు. జాలీ వెనుక ఉండే రంధ్రాల వల్లే మైకుకు వెనుక శబ్దం వినబడదు. అవి మూసుకుపోతే అది అన్ని వైపులా వింటుంది, కూత వెంటనే వస్తుంది. పట్టుకోవాల్సింది పిడిని, తలను కాదు.

మిక్సరుబల్ల:

సరిగ్గా చెప్పారు. అందుకే 'బొత్తముల నొక్కి' అన్నాను. డప్పు మైకుల సంగతీ చెప్పాలి. పక్కపక్కన ఇద్దరు వాయిస్తుంటే రెండు మైకుల మధ్య దూరం, వాద్యానికీ మైకుకూ ఉన్న దూరానికి కనీసం మూడు రెట్లు ఉండాలి. మైకు డప్పుకు ఒక అడుగు దూరంలో ఉంటే రెండో మైకు మూడడుగుల అవతల. దగ్గరగా పెడితే ఒకే దెబ్బ రెండింటిలోనూ కొద్ది తేడాతో పడి, గొట్టంలోంచి వచ్చినట్టు డొల్లగా వినిపిస్తుంది. గంతులేస్తూ వాయించే దళానికి స్టాండు మైకు పనికిరాదు. వాద్యం మైకుకు రెట్టింపు దూరం జరిగితే 6 డెసిబెల్ పడిపోతుంది. చట్రానికి బిగించే క్లిప్ మైకు వాడాలి, లేదా వాళ్లను అలాగే వదిలేయాలి. చిన్న సభలో డప్పుకు మైకే అక్కర్లేదు. ఈ చివరి మాట నిర్వాహకులు ఎవరూ వినరు.

చిన్నవేదిక:

*కిన్నెరయు మోగ, జముకుల కేళి సాగ*
*గంతులేసే డప్పులు గలిసి యాడ*
*వినఁగ వచ్చినవారికి విందు గాని*
*చెవులు మూసిన వారికే చెవుల విందు?*

యతిమిత్ర:

చిన్నవేదిక గారూ, ప్రశ్నార్థకం పెట్టి బయటపడడం సమస్యాపూరణంలో అందరికీ తెలిసిన దొడ్డిదారి. తప్పని అనను, కాని ప్రతి సమస్యకూ అదే తాళంచెవి సరిపోతుంది కనుక దానికి విలువ తక్కువ. మూడో పాదంలో 'విందు', నాలుగోలో 'విందు' పునరుక్తి.

రెండో పాదంలో గణభంగం. గంతు – లేసేడ: 'ప్పు' ముందున్న 'డ' గురువు, కాబట్టి మూడు గురువులు వచ్చాయి. అది మగణం, తేటగీతిలో ఆ చోట రావాల్సిన ఇంద్రగణాల్లో లేదు. 'వేసే' వ్యావహారికం కూడా. 'గంతు లిడు జోరు డప్పులు గలిసి యాడ' అంటే లిడుజోరు (సల), డప్పులు (భ) సరిపోతాయి. గం–గ యతి మీకు ముందే ఉంది.

తీగమీటు:

ఇందులో కిన్నెర అసలు వినిపించదు. మూడు సొరబుర్రల మీద వెదురు కట్టి తీగలు బిగించిన వాద్యం అది, పక్కన ఒక్క డప్పు పడితే చాలు మునిగిపోతుంది. 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగిలయ్య వాయించే 12 మెట్ల కిన్నెరను గమనించండి, ఆ వాద్యం పాడే గొంతుతో సమానంగా నడుస్తుంది, మోతతో పోటీపడదు. డప్పులతో కలపక తప్పదంటే వాద్యం అదురును పట్టే పైజో పికప్ అంటించాలి. దాన్ని నేరుగా మిక్సర్‌కు కలిపితే స్వరం రేకు డబ్బాలా పలచబడుతుంది. మధ్యలో 1 మెగాఓమ్ లేదా అంతకుమించి ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (విద్యుత్ అవరోధం) ఉన్న డీఐ పెట్టె, అంటే వాద్యం సిగ్నల్‌ను మిక్సర్‌కు తగినట్టు మార్చేది, ఉండాలి.

చిన్నవేదిక:

పూరణ సరిదిద్దాను. ప్రశ్నార్థకం మాత్రం తీయలేను, తీస్తే పద్యమే పోతుంది!

పృచ్ఛకుఁడు:

నా వంతు:

*శ్రోతలకు వైరు గురగుర సోఁకకుండ*
*ఒక్కటొక్కటి ఛానెలు నొత్తి వినుచు*
*హెడ్డుఫోనులు బిగియించి యెఱుకతోడ*
*చెవులు మూసిన వారికే చెవుల విందు*

జనం రాకముందే ప్రతి ఛానెల్‌నూ పీఎఫ్ఎల్ (ఆ ఒక్క ఛానెల్‌నే హెడ్‌ఫోన్లలో వినిపించే బొత్తం) నొక్కి విడిగా వినాలని భావం. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి గురగుర ఆ స్వరంలోనూ దాని రెట్టింపులోనూ పలుకుతుంది.

యతిమిత్ర:

శ్రో–సో, ఒ–ఒ, హె–ఎ. బాగుంది. మొదటి పాదం చివర 'సోఁకకుండ', తర్వాత 'ఒక్క' అని అచ్చు. సంధి చేస్తే 'సోఁకకుండ నొక్క' కావాలి. పాదాంతంలో విరామం ఉందంటారా?

పృచ్ఛకుఁడు:

విరామమే అంటాను. ఆధునికుల పట్ల కొంచెం దయ చూపండి.

మిక్సరుబల్ల:

గురగురకు మందు డీఐ పెట్టె మీద ఆడియో తీగ గ్రౌండును విడదీసే గ్రౌండ్ లిఫ్ట్ మీట. కరెంటు ప్లగ్గులో మూడో పిన్ను పీకేయడం కాదు. అలా పీకితే గురగుర పోతుంది, లోపం వచ్చిన రోజున తీగ ముట్టుకున్నవారూ పోతారు. గిటారు, మిక్సరు, కిన్నెర డీఐ అన్నీ ఒకే పవర్ బోర్డు నుంచి తీసుకుంటే చాలాసార్లు సమస్యే రాదు.

ఇంకోమాట. హెడ్‌ఫోన్లు తప్పు పట్టుకోవడానికి పనికొస్తాయి, మిశ్రమం కుదర్చడానికి కాదు. పాట మొదలయ్యాక అవి తీసి, బల్ల వదిలి సభ మధ్యకూ చివరి వరుసకూ నడిచి వినాలి. పృచ్ఛకులవారి 'విందు' పాటకు ముందు మాత్రమే.

నాలుగోవరుస:

చివరి వరుస మాట వచ్చింది కాబట్టి: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సంగీత వేదికలకు ఒక ప్రమాణం ప్రకటించింది. 15 నిమిషాల సగటు 100 డెసిబెల్ దాటకూడదు, మోత కొలుస్తూ ఉండాలి, బిరడాలు అందుబాటులో ఉంచాలి, చెవులకు విశ్రాంతి దొరికే నిశ్శబ్ద స్థలం ఉండాలి. చిన్న వేదికకు ఇందులో ఖర్చు పెద్దగా లేదు. స్పీకర్లను తల ఎత్తుకు పైన పెడితే ముందు వరుస వారి చెవుల్లోకి నేరుగా ఊదడం తగ్గుతుంది, వెనుకవారికి మాటలు తెలుస్తాయి.

పృచ్ఛకుఁడు:

ఈ వారానికి మిక్సరుబల్ల, నాలుగోవరుస గార్ల పూరణలు సమానం. వచ్చే వారం సమస్య, మళ్లీ తేటగీతే:

*నిప్పుఁ గాఁగిన తోలుకే నిండు గళము*

ని–ని యతి. డప్పును సెగ చూపడమే నేరుగా చెప్పేస్తే సమస్య కాదు, వర్ణన అవుతుంది. విరుపు కావాలి.

సిర్రపుల్ల:

వానాకాలపు తేమకు మేకతోలు సాగి, దెబ్బ 'డప్' అనడానికి బదులు 'దబ్' అంటుంది. సౌండ్ చెక్‌కు సెగ చూపి బిగించినా, కార్యక్రమం మొదలయ్యేసరికి మళ్లీ దిగిపోతుంది. వేదిక ఎక్కే ముందు ఇంకోసారి కాచాల్సిందే. మంటకు దగ్గరగా పెడితే తోలు చిట్లుతుంది, దూరంగా తిప్పుతూ కాచాలి. మరి ఫైబర్ డప్పుకు నిప్పు అక్కర్లేదు. అలాంటి డప్పుతో ఈ సమస్యను పూరించవచ్చా?

పృచ్ఛకుఁడు:

'తోలుకే' అన్నాను కదండీ. ఫైబరు వారు వేరే సమస్య అడగాలి.