బడి బాగుపడాలంటే భవనాలు ముందా, ఉపాధ్యాయులు ముందా?

ప్రశ్న (దేవరకొండ): తెలంగాణలో గత ప్రభుత్వం 2022లో ప్రభుత్వ బడుల బాగుకోసం తెచ్చిన ‘మన ఊరు–మన బడి’ పథకానికి 7,289 కోట్ల రూపాయల ప్రణాళిక ప్రకటించింది, ఇప్పటి ప్రభుత్వం బడుల మరమ్మతులను మహిళా సంఘాల ఆధ్వర్యంలోని అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు అప్పగించి, మరోవైపు యంగ్ ఇండియా గురుకులాల (హాస్టల్‌తో కూడిన బడుల) నిర్మాణం చేపట్టింది. మా తండా ప్రాథమిక పాఠశాలకు వీటిలో ఏది మేలు చేస్తుందో దయచేసి చెప్పగలరా?

జవాబు (నాగర్‌కర్నూల్): అన్నా, అసలు లోటు ఉపాధ్యాయులది. విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులే ఉంటారు. ఆ ఇద్దరే ఐదు తరగతులకు తెలుగు, ఇంగ్లిషు, లెక్కలు అన్నీ బోధించాలి, ఒకరు సెలవు పెట్టినా, శిక్షణకు వెళ్లినా బడి మొత్తం ఒక్కరి మీదే పడుతుంది, అది చూసిన తల్లిదండ్రులు అప్పు చేసైనా పిల్లలను ప్రైవేటు బస్సు ఎక్కిస్తారు. 2024 డీఎస్సీలో (ఉపాధ్యాయ నియామకాల్లో) 11,062 పోస్టులు ప్రకటించడం మంచిదే, కానీ తరగతికొక ఉపాధ్యాయుడు అనే మాట ఏ పార్టీ అయినా గట్టిగా ఇవ్వాలి.

జవాబు (మహబూబ్‌నగర్): మీ మాటతో ఏకీభవిస్తాను. అయినా గురుకులాలను తక్కువ చేయవద్దు. పాలమూరు నుంచి వలస వెళ్లే కుటుంబాల పిల్లల చదువు ఆగకుండా కాపాడుతున్నవి హాస్టళ్లే.

ప్రశ్నించినవారు: ధన్యవాదాలు. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే కనుక, ఉపాధ్యాయుల కోసం ముందుగా అక్కడే తీర్మానం పెట్టిస్తాను.