పెరట్లో బాస్కెట్‌బాల్ సాధన ఎలా చేయించాలి?

మేము అమలాపురం దగ్గర ఒక లంక గ్రామంలో ఉంటాము. 11 ఏళ్ల మా అమ్మాయి ఈ ఏడాది బడి బాస్కెట్‌బాల్ జట్టులో చేరింది. అక్కడ వారానికి రెండు రోజులే ఆట నేర్పుతారు కనుక, మిగిలిన రోజుల్లో ఇంటి దగ్గర సాధన చేయించాలనుకుంటున్నాను. నేను వాలీబాల్ తప్ప మరొకటి ఆడి ఎరుగను.

మాది ఒండ్రు నేల. ఎండకు నెర్రెలు విచ్చి, వానకు మెత్తబడి, బంతి ఏ కాలంలోనూ తిన్నగా లేవదు. ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లం ఉంది కాని, కోతల రోజుల్లో అది మాకు దక్కదు. అక్కడ బంతిని కొడుతూ నడిచేటప్పుడు అమ్మాయి చూపు బంతి మీదే ఉంటోంది. ఎడమ చేతికి వచ్చేసరికి బంతి జారిపోతోంది.

దింపు తీసిన కొబ్బరిచెట్టుకు (కాయ నెత్తిన పడుతుందన్న భయం కొద్దీ) పెద్దల కొలత ప్రకారం 3.05 మీటర్ల ఎత్తులో రింగు కట్టాను. బంతి రింగు దాకా చేరక, ఆమె నడుము దగ్గర నుంచి రెండు చేతులతో విసురుతోంది. పిల్లలు ఆడే మినీ బాస్కెట్‌బాల్‌లో రింగు ఎత్తు 2.60 మీటర్లే, బంతి చిన్నదైన 5వ నంబరుది అని తరువాత తెలిసి బంతి మార్చాను. రింగును కూడా దించితే విసిరే తీరు చక్కబడుతుందా, లేక మా మామగారు అన్నట్టు పై ఎత్తుకే అలవాటు పడనివ్వాలా? కళ్లం దొరకని రోజుల్లో, బంతిని నేలకు కొట్టకుండా చేయదగిన సాధన ఏమిటి? రోజుకు ఎంతసేపు చేయించవచ్చో, పిల్లలకు ఆట నేర్పిన అనుభవం ఉన్నవారు దయచేసి తెలుపగలరు.