ప్రింటరు వరుస, పాటూరు కండె

కోవూరు దగ్గర మా పఠన మందిరంలో రెండు కంప్యూటర్లున్నాయి. రెండింటిలోనూ విండోస్ బదులు ఉబుంటు అనే లినక్స్ నడుస్తుంది. ప్రింటరు ఒక్కటే, గోడ అవతల ఆఫీసు గదిలో ఉంటుంది, వైఫై మీద నడుస్తుంది. వచ్చే పిల్లల కోసం గోడకు అంటించడానికి తెలుగులో ఒక సూచనల కాగితం రాస్తున్నాను. 'ప్రింట్ క్యూ' అన్న మాటకు తెలుగు దొరక్క కలం ఆగిపోయింది.

ఎందుకు ఆగిందో తెలియాలంటే కిందటి నెల భాగోతం చెప్పాలి. ఒకబ్బాయి హాల్‌టికెట్ కోసం ప్రింట్ నొక్కాడు. రాలేదు. పదకొండు సార్లు నొక్కి, విసిగి, బజారులో తీయించుకుందామని వెళ్లిపోయాడు. ముందురోజు రాత్రి కరెంటు పోయి వచ్చినప్పుడు రూటరు ప్రింటరుకు 192.168.1.20 బదులు చివర 23 ఉన్న చిరునామా ఇచ్చిందట. కంప్యూటరు మాత్రం పాత గుమ్మం దగ్గరే తలుపు తడుతోంది. సాయంత్రం నేను బ్రౌజరులో లోకల్‌హోస్ట్:631 అనే ప్రింటరు అమరికల పేజీ తెరిచి చిరునామా సరిచేశానో లేదో, పదకొండు హాల్‌టికెట్లూ దిగాయి. ఒకే ముఖం పదకొండు సార్లు నా వంక చూసింది.

పిల్లవాడికి ప్రింటరు అంటే ఆ పెట్టె. లినక్స్‌లో 'ప్రింటరు చేర్చు' అంటే నిజానికి ఒక పేరు, ఒక చిరునామా, పనులు వచ్చి నిలబడే ఒక చోటు ఏర్పాటు చేయడం. పెట్టె ఆపేసి ఉన్నా ఆ చోటు పనులను తీసుకుంటూనే ఉంటుంది. దానికే మాట కావాలి. 'వరుస' అందామంటే చుట్టరికం అడ్డొస్తోంది. ప్రింటరు వరుస అని రాస్తే నీకేమవుతుంది, మేనమామా అని అడుగుతారు. 'బారు' అంటే ప్రింటరు తాగుతుందనుకుంటారు. ఏమంటారు?

ఒంగోలు నుంచి: 'బంతి' ఎలా ఉంటుంది? పెళ్లిలో మొదటి బంతి, రెండో బంతి అంటాం కదా. తమ వంతు కోసం కాచుకుని ఉండటమే.

నేను: మాట రుచిగా ఉంది మాస్టారూ, కాని బంతిలో కూర్చున్నవాళ్లందరికీ ఒకేసారి వడ్డిస్తారు. ప్రింటరు ఒక్క విస్తరి ముగిశాకే రెండోది వేస్తుంది.

కావలి నుంచి: మీరు క్యూ దగ్గర ఆగారు గాని అసలు మాట స్పూలు. లినక్స్‌లో ఈ పనంతా చూసేది కప్స్ (CUPS) అనే సాఫ్ట్‌వేర్. అది 1999లో మొదట విడుదలైంది. మాక్ కంప్యూటర్లలోనూ చాలా కాలంగా అదే ఉంది. పంపిన పనులన్నీ /వార్/స్పూల్/కప్స్ అనే సంచయంలో, అంటే ఫోల్డరులో, ఉంటాయి. ఒక్కో పనికి 'సి'తో మొదలయ్యే ఫైలులో ఎవరు పంపారు, ఎన్ని ప్రతులు అన్న వివరం, 'డి'తో మొదలయ్యే దానిలో అసలు పత్రం. స్పూలు అంటే ఇంగ్లీషులో దారం చుట్టే కండె. నెల్లూరు జిల్లావాళ్లం, పాటూరు మగ్గాలు పక్కనే పెట్టుకుని మాట కోసం వెతుక్కుంటున్నామా? కండె అనండి.

దర్శి నుంచి: మా వైపు కండె అంటే మొక్కజొన్నది. నిప్పుల మీద కాల్చుకుంటాం.

నేను: కాల్చుకోండి, మాట ఒకటే! నాకు కావలివారి మాట నచ్చింది. రాట్నం మీద దారం ఒక వేగంతో చుడతారు. మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పడ్డాక అది మగ్గం వేగంతో విడుతుంది. కంప్యూటరు క్షణంలో పంపినదాన్ని ప్రింటరు నిమిషాల మీద లాగుతుంది. ఆ రెండు వేగాల మధ్య నిలిచేది కండే. కాగితం మీద అలాగే రాసేస్తున్నాను.

పాటూరు నుంచి: అయ్యా, రాసేముందు ఒక్క మాట. మా అమ్మ ముప్ఫై ఏళ్లు కండెలు చుట్టింది, నేను పక్కన కూర్చుని చూశాను. కండె మీద చివర చుట్టిన పోగే ముందు వస్తుంది. మీ ప్రింటరులో ముందు పంపినవాడిది ముందు రావాలి కదా? కండె అని రాస్తే చివర వచ్చినవాడు ముందు నిలబడతాడు. తగాదా అవుతుంది.

నేను: దెబ్బ తగిలిందమ్మా. నిజమే. పనులు దాచే సంచయానికి కండె సరిపోతుంది, క్రమానికి సరిపోదు. అయితే చుట్టరికం మోసుకునైనా 'వరుస' అనే రాస్తాను. మన పిల్లలకు వరుసలో నిలబడడం తెలుసు, కండె చుట్టడం చాలామందికి తెలియదు.

కావలి నుంచి: ఒప్పుకుంటున్నాను. కాని 'ఆపు' అన్న మాట జాగ్రత్త. కప్స్‌లో ఆపే ఆదేశాలు రెండు రకాలు. కప్స్‌డిజేబుల్ అంటే ముద్రించడం ఆగుతుంది, పనులు మాత్రం చేరుతూనే ఉంటాయి. కప్స్‌రిజెక్ట్ అంటే కొత్త పని తీసుకోదు, ఉన్నవి ముద్రిస్తుంది. రెండింటికీ 'ఆపు' అని రాశారంటే మళ్లీ పదకొండు హాల్‌టికెట్లే.

నేను: ఇది మన బియ్యం మిల్లు లెక్క. మోటారు ఆగినా ఆవరణలోకి బస్తాలు దించుకుంటారు, అది ఒకటి. గేటు మూసి, లోపలున్న ధాన్యం మాత్రం ఆడిస్తారు, అది ఇంకొకటి. మొదటిదానికి 'ముద్రణ నిలిపారు', రెండోదానికి 'కొత్త పనులు తీసుకోరు' అని రాస్తున్నాను. ఒక్క మాటలో ఇరికించాలన్న పట్టు వదిలేశాను. రూటరులో ప్రింటరు చిరునామా మారకుండా కట్టేశాను కూడా, అది మీ కోసం కాదు, నా నిద్ర కోసం.

పాటూరు అమ్మగారికి ఒక ప్రశ్న. నేస్తుండగా పోగు తెగితే, అతికి మళ్లీ అక్కడి నుంచే నేత సాగించడానికి మీ ఇంట్లో ఏమనేవారు? నిలిపిన వరుసను తిరిగి నడిపించే మీటకు నా దగ్గర ఇంకా మాట లేదు.