వాల్పారైలో పిల్లలతో 200 మొక్కలు నాటించాలనుకుంటున్నాం. ఆ నల్ల కోతులకు పనికొస్తాయా?

కోవై టీచర్:

అందరికీ నమస్కారం. మాది కోయంబత్తూరు. తాతల కాలం నుంచీ ఇక్కడే, ఇంట్లో మాత్రం తెలుగే. ఒక స్కూల్లో తొమ్మిది, పది తరగతులకు బయాలజీ చెప్తాను.

పోయిన జనవరిలో తొమ్మిదో తరగతి పిల్లలు 34 మందిని వాల్పారై తీసుకెళ్లాం. ఆళియార్ దగ్గర మొదలయ్యే 40 హెయిర్‌పిన్ మలుపులూ ఎక్కాం. వాల్పారై ఊరు కాసేపట్లో వస్తుందనగా, పుదుత్తోట్టం దగ్గర బస్సు ఆగిపోయింది. ముందు నాలుగు కార్లు రోడ్డు మీదే నిలబడి ఉన్నాయి. పక్కనున్న గోడ మీద కోతులు. ఒళ్లంతా నలుపు, ముఖం చుట్టూ బూడిద రంగు జూలు, తోక చివర చిన్న కుచ్చు. పాఠంలో బొమ్మ చూపించి చెప్పిన సింహపు తోక కోతులే. పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు.

ఇంతలో ముందు కారులోంచి ఎవరో చిప్స్ ప్యాకెట్ బయటికి పట్టుకున్నారు. పొట్టకు పిల్లను కరుచుకున్న ఒక తల్లికోతి గోడ దిగి రోడ్డు మధ్యకొచ్చింది. పైనుంచి వస్తున్న జీపు డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. టైరుకూ కోతికీ మధ్య జానెడు కూడా లేదు. ఆ బ్రేకు చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది.

తిరిగొచ్చాక పిల్లలు వాళ్లంతట వాళ్లే డబ్బులు పోగుచేశారు. 6,400 రూపాయలైంది. అడవిలో తిండి లేకే కోతులు రోడ్డెక్కుతున్నాయని, అక్కడ మొక్కలు నాటుదామని వాళ్ల ఆలోచన. ఇక్కడి నర్సరీలో వేప, కానుగ, బాదం, గుల్‌మొహర్ కలిపి 200 మొక్కలు మాట్లాడి పెట్టాను. ఏ నెలలో నాటితే బతుకుతాయి? ఎవరి అనుమతి తీసుకోవాలి? పక్కనే అంత పెద్ద టైగర్ రిజర్వ్ ఉండగా ఇవి రోడ్డు మీదకు ఎందుకు వస్తున్నాయి? తెలిసినవాళ్లు చెప్పండి.

తేయాకు తోట:

మేడమ్, మాది నెల్లూరు. వాల్పారైలో ఒక టీ ఎస్టేట్ ఆఫీసులో 11 ఏళ్లు లెక్కలు రాశాను. ఆ రోడ్డు మీద ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. మీ పిల్లల మనసు చాలా మంచిది. కానీ ఆ 200 మొక్కలు దయచేసి కొండెక్కించకండి.

మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. వాల్పారై పీఠభూమి సుమారు 220 చదరపు కిలోమీటర్లు. 1890ల నుంచి అక్కడి వానకారు అడవిని నరికి కాఫీ, తేయాకు వేశారు. చుట్టూ ఉన్న ఆనమలై అడవులు 2007లో టైగర్ రిజర్వ్ అయ్యాయి. మధ్యలోని తోటలు మాత్రం తోటలుగానే ఉన్నాయి. ఆ తేయాకు నడుమ, వాగుల వెంట, వాలు ఎక్కువున్నచోట చిన్న చిన్న అడవి ముక్కలు మిగిలాయి. మీరు చూసిన కోతుల ఇల్లు అలాంటి ఒక ముక్కే. 100 హెక్టార్లు కూడా ఉండదు. దాని మధ్యలోంచే రోడ్డు పోతుంది.

ఈ కోతి చెట్ల మీద బతికే జీవి. కొమ్మ మీంచి కొమ్మ మీదకు పోతూ పండు, పువ్వు, పురుగు తింటుంది. పెద్ద అడవిలో ఉండే గుంపులు నేల మీదకు దిగడం అరుదు. అలాంటి పెద్ద అడవే ఉన్న అక్కమలై వైపు ఒకసారి ఫారెస్టు వాచర్‌తో వెళ్తే, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నడిచి ఆకుల కదలికా ఒక కూతా తప్ప ఏమీ దొరకలేదు. పుదుత్తోట్టంలో అలా కాదు. రోడ్డు వెడల్పు చేసినచోట కొమ్మలు అందవు కాబట్టి దిగి నడుస్తాయి. దిగినప్పుడు చిప్స్, బిస్కెట్ దొరికితే మర్నాడు దానికోసమే దిగుతాయి. తర్వాత తోట కూలీలు వరుసగా ఉండే లైన్ ఇళ్ల రేకులెత్తి వంటింట్లోకి దూరతాయి. పొద్దున్న వండి పెట్టుకున్న అన్నం పోయిన తోట కూలీకి ఆ కోతి మీద ప్రేమెక్కడ ఉంటుంది చెప్పండి! చిప్స్ ఇచ్చినవాళ్లు సాయంత్రానికి కొండ దిగిపోతారు. తిట్లు కోతికి, నష్టం కూలీకి.

పిల్లలకు ఒక్క సంగతి చెప్పండి. ఆడకోతి మొదటి కాన్పుకు ఆరేళ్లు దాటుతుంది. ఆ తర్వాత కూడా ఒక్కో పిల్లకూ మధ్య రెండేళ్లకు పైనే పడుతుంది, కాన్పుకు ఒక్కటే. పడమటి కనుమల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా అడవిలో కనిపించని ఈ జాతిలో మిగిలినవి సుమారు 4,000. జీపు కింద ఒక తల్లి పోతే, ఆ లోటు పూడటానికి ఎన్నేళ్లు పడుతుందో వాళ్లనే లెక్కేయమనండి.

ఇక మొక్కలు. వేప, కానుగ ఎండ దేశపు చెట్లు. వాల్పారైలో ఏడాదికి మూడు మీటర్ల వాన పడుతుంది. గుల్‌మొహర్ అసలు మన దేశపు చెట్టే కాదు. ఆ అడవికి బయటి చెట్లతో ఇప్పటికే పెద్ద తలనొప్పి ఉంది. తోటలోంచి రోబస్టా కాఫీ గింజలు అడవిలోకి పోయి, పొదలు పొదలుగా మొలిచి, అసలు మొక్కలకు చోటు లేకుండా చేస్తున్నాయి. లాంటానా అనే కలుపు పొద సంగతి చెప్పక్కర్లేదు.

ఈ కోతికి ప్రాణం లాంటి చెట్టు కల్లీనియా. కొమ్మలకు అతుక్కుని గుత్తులుగా పూస్తుంది. కాయ బంతిలా గుండ్రంగా, ఒంటినిండా ముళ్లతో ఉంటుంది. ముట్టుకుంటే మనకు చెయ్యి గుచ్చుకుంటుంది, కోతి మాత్రం ఒడుపుగా చీల్చి గింజ తింటుంది. దాంతోపాటు మర్రి జాతులు, రుద్రాక్ష జాతి, నేరేడు జాతి, నాగకేసరం, ఇలా ఎన్నో ఉంటేనే ఏడాది పొడవునా ఏదో ఒకటి పండుతుంది. 200 మొక్కల్లో నాలుగే రకాలుంటే అది తోట అవుతుంది, అడవి అవ్వదు.

అక్కడ నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ వాళ్లు రెండు దశాబ్దాలకు పైగా ఈ పనే చేస్తున్నారు. రోడ్ల పక్కన రాలిన అడవి గింజలు ఏరి, నర్సరీలో నీడన పెంచుతారు. పాడైన అడవి ముక్కల్లో కలుపు తీసి, జూన్ వానలకు పదుల రకాలు కలిపి నాటుతారు. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి లాంటానా పీకుతూ ఉండాలి. నాటిన రోజు ఫోటో దిగడం తేలిక, నాలుగో ఏడు కలుపు తీసేవాడు దొరకడం కష్టం.

సైరంధ్రి దారి:

పాలక్కాడ్‌లో బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. పైవారు చెప్పిందాంట్లో నాకు తోచింది ఒక్క మాట కలుపుతాను.

టీచరుగారూ, పిల్లలకు సైలెంట్ వ్యాలీ కథ చెప్పండి. మీకు దూరమేం కాదు. కుంతిపుళ నది మీద సైరంధ్రి దగ్గర 120 మెగావాట్ల కరెంటు కోసం డ్యామ్ కట్టాలని 1973లో ప్లానింగ్ కమిషన్ ఒప్పుకుంది. ఆ అడవిలోనూ ఇదే నల్ల కోతి. దాని పేరు ఊరూరా మోగింది. కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు వాళ్లు ఊళ్లలో తిరిగి లెక్కలు విప్పి చెప్పారు. సుగతకుమారి లాంటి కవులు రోడ్డెక్కారు. సలీం అలీ, ఎం.ఎస్. స్వామినాథన్ వంటి పెద్దలు వద్దన్నారు. చివరికి డ్యామ్ ఆగింది. 1984లో నేషనల్ పార్కుగా ప్రకటించారు. పార్కు మొత్తం 90 చదరపు కిలోమీటర్లు కూడా ఉండదు.

ఆ పోరాటంలో స్కూలు, కాలేజీ మాస్టార్లు ఎంతోమంది. అందుకే మీ పోస్టు చూసి రాయబుద్ధేసింది.

కోవై టీచర్:

తోట అన్నా, చదువుతుంటే కళ్లు తిరిగాయి. గుల్‌మొహర్ పువ్వు చూపించి పాఠం చెప్పేదాన్ని, అది మడగాస్కర్ చెట్టని కూడా నేనే చెప్పేదాన్ని. అయినా ఈ విషయం తట్టలేదు. నర్సరీకి ఫోన్ చేసి ఆపమన్నాను.

కానీ పిల్లలకు ఉత్త చేతులతో 'వద్దంట' అని చెప్పలేను. వాళ్లు చేయగలిగిన పని ఏదైనా ఉందా? ఇంకో టెన్షన్ కూడా ఉంది. మళ్లీ తీసుకెళ్తే సాయంత్రం ఆలస్యమైతే ఏనుగులు వస్తాయని ఒక పేరెంట్ భయపడుతున్నారు. భయం నిజమేనా?

తేయాకు తోట:

భయం నిజమేనమ్మా, తీసి పారేయకండి. నేనున్న రోజుల్లో రేషన్ షాపు తలుపులు విరిచి బియ్యం తిన్న ఏనుగుల్ని చూశాను. మనుషులూ పోయారు. చాలాసార్లు కారణం ఒక్కటే: చీకట్లో, మంచులో, ఏనుగు అక్కడుందని తెలియక దాని ముందుకే నడిచి వెళ్లడం. తోటల మధ్య నడు ఆరు, షోలయార్ అనే నదుల ఒడ్డున మిగిలిన చెట్ల వెంటే అవి పగలు ఆగుతాయి, రాత్రి తేయాకు దాటుతాయి. దారి వాటిది, మధ్యలో బస్టాపు మనది.

దీనికి అక్కడ దొరికిన ఉపాయం నాకు ఎంతో నచ్చింది. మొదట లోకల్ కేబుల్ టీవీలో, సీరియల్ నడుస్తుండగా కింద అక్షరాలు పరిగెత్తేవి: ఫలానా ఎస్టేట్ దగ్గర ఏనుగులున్నాయి అని. 2011 నుంచి ఫోన్లకు మెసేజ్ రావడం మొదలైంది. తర్వాత ముఖ్యమైన చోట్ల స్తంభాలకు ఎర్ర లైట్లు పెట్టారు. ఆ లైన్లలో ఉండేవాళ్లే ఫోన్‌తో వెలిగిస్తారు. ఎర్రగా వెలిగితే ఆ దారిన పోరు. మా ఆఫీసు ప్యూను ఇంటికెళ్లే ముందు రోజూ మెసేజ్ చూసుకుని, అవసరమైతే సంచి మళ్లీ బల్ల మీద పెట్టి కూర్చునేవాడు. దీనికోసం పనిచేసిన ఆనంద కుమార్‌గారికి 2015లో ప్రకృతి సంరక్షణకు ఇచ్చే విట్లీ అవార్డు వచ్చింది. మీరు మాత్రం మధ్యాహ్నం మూడుకల్లా కొండ దిగడం మొదలుపెట్టండి, పేరెంట్‌కు అదే చెప్పండి.

పిల్లల పని గురించి. పుదుత్తోట్టం రోడ్డు మీద మీరు తలెత్తి చూసి ఉంటే, ఈ చెట్టు నుంచి ఆ చెట్టుకు పాత ఫైర్ హోస్ పట్టీలతో కట్టిన వంతెనలు కనిపించేవి. కోతులు రోడ్డు దిగకుండా దాటడానికి. ఒక వాన రోజు టీ కొట్టు దగ్గర నిలబడి చూశాను. పెద్ద మగకోతి వంతెన మొదట్లో ఆగిపోతే, ఏడాది పిల్ల ఒకటి దాన్ని తోసుకుని చకచకా దాటేసింది. వెనకే గుంపంతా వెళ్లింది. అక్కడ రోడ్డు మీద బండ్లను నెమ్మది చేయిస్తూ, తిండి పెట్టొద్దని బతిమాలుతూ రోజంతా నిలబడే కాపలాదార్లూ ఉంటారు. వాళ్లందరూ ఊరివాళ్లే. టూరిస్టులు వాళ్లని ఎన్ని మాటలంటారో నేను విన్నాను.

మీ 34 మంది ఆ కాపలాదార్లకు సాయంగా ఒక పొంగల్ సెలవు రోజు నిలబడగలరేమో అడిగి చూడండి. జనం విరగబడేది ఆ రోజుల్లోనే. యూనిఫాంలో ఉన్న పిల్ల 'అంకుల్, ప్యాకెట్ లోపల పెట్టేయండి' అని తమిళంలో అంటే కాదనేవాళ్లు తక్కువ. అటవీశాఖ అనుమతి రాతపూర్వకంగా తీసుకున్నాకే, పిల్లలు రోడ్డు అంచు దాటకుండా. ఆ 6,400 నాటే పని ఏళ్లుగా చేస్తున్నవాళ్లకే పంపండి, మొక్క వాళ్లే ఎంచుకుంటారు.

పాడేరు కాఫీ:

మధ్యలో వస్తున్నాను, క్షమించండి. మాది అల్లూరి జిల్లా. మా నాన్నకు రెండెకరాల కాఫీ. మా దగ్గర కాఫీకి నీడ సిల్వర్ ఓక్. తోట గారూ, వాల్పారైలో కూడా అదే కదా? మిరియాలు పాకించడానికి బాగుంటుంది, త్వరగా పెరుగుతుంది. కానీ దాని మీద తినే కాయ లేక పిట్ట నిలవదు. మా అమ్మమ్మ చిన్నప్పుడు కొండ మీద పనస, నేరేడు ఉండేవి, ఆ కాలంలో పొద్దున్నే గోల గోలగా ఉండేదంటుంది. ఈ ఏడు నేను సిల్వర్ ఓక్ మధ్య నేరేడు 30 పెట్టాను. అక్కడి తోటల్లో ఎవరైనా ఇలా చేస్తున్నారా?

తేయాకు తోట:

అవును, సిల్వర్ ఓక్ చెట్టే తమ్ముడూ, ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. వాల్పారైలో కొన్ని ఎస్టేట్లు నీడకు స్థానిక చెట్లు కలిపి పెంచుతున్నాయి. అడవి పక్కనున్న కాఫీలో పాత పెద్ద చెట్లు నరకకుండా వదిలిన చోట పెద్ద హార్న్‌బిల్ వచ్చి వాలడం నేను చూశాను. రెక్కల చప్పుడు రైలింజన్ ఊదినట్టు ఉంటుంది. ఆడపక్షి పాత చెట్టు తొర్రలో దూరి, పగులు మాత్రం వదిలి మూసుకుని, గుడ్లు పెట్టి కూర్చుంటుంది. మగది నెలల తరబడి పండ్లు తెచ్చి అందిస్తుంది. మగది చచ్చినా, చెట్టు పడినా లోపలివాళ్ల ఆశ పోయినట్టే. కింద కేరళ వైపు వాళచ్చాల్‌లో ఒకప్పుడు ఆ గూళ్లలోంచి పిల్లల్ని తీసిన కాడర్ తెగవాళ్లే ఇప్పుడు గూళ్లకు కాపలా కాస్తున్నారు. ఏ చెట్టుకు ఏ తొర్ర ఉందో వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. నీ నేరేళ్లు నీడనిచ్చే దాకా కాఫీకి ఎండ తగలకుండా సిల్వర్ ఓక్ ఒక్కసారి కొట్టేయకు, కొన్ని కొన్నిగా తగ్గించు.

కోవై టీచర్:

ఈ రోజు క్లాసులో మొత్తం చదివి వినిపించాను. మొదట ముఖాలు మాడ్చుకున్నారు. తల్లి పోతే ఎన్నేళ్లని లెక్కేయమంటే మాత్రం గది నిశ్శబ్దమైపోయింది. ఒక అమ్మాయి లేచి, 'మిస్, అప్పుడు మన బస్సు కూడా అక్కడే ఆగింది కదా, మనల్ని చూసి వెనక బండ్లు ఆగాయి కదా' అంది. అది నేను ఇక్కడ రాయలేదు. ఈసారి బస్సు ఊరు చేరేదాకా ఆగదు. అటవీశాఖకు ఉత్తరం పిల్లలే తమిళంలో రాస్తున్నారు. పొంగల్‌కు అనుమతి రాకపోతే జూన్‌లో నాటే రోజుల్లో సాయానికి వస్తామని కూడా రాయించాను.

తేయాకు తోట:

జూన్ అయితే జలగలుంటాయి. మోకాళ్ల దాకా వచ్చే గుడ్డ సాక్సులు కుట్టించండి, బూటు లోపల వేసుకోవాలి. మామూలు రెయిన్‌కోటు ఆ వానకు ఆగదు, గొడుగు పనికిరాదు. మార్చుకోవడానికి రెండు జతల బట్టలు పెట్టమనండి.